సరుకు ఆగినప్పుడు: భైంసా ప్రాంతంలో మద్యం కట్టడి, చిన్న అమ్మకందారు

మద్యంపై ప్రభుత్వాలు పెట్టే కట్టడి రెండు దారుల్లో వస్తుంది. తాగొద్దని తాగేవాడికి చెప్పేది ఒకటి. అమ్మేవాడికి సరుకు అందకుండా చేసేది రెండోది. మొదటిదాని గురించి తెలుగులో కావలసినంత సాహిత్యం ఉంది. సారా వ్యతిరేక ఉద్యమం మీద పుస్తకాలు వచ్చాయి, పాటలు వచ్చాయి, పరిశోధనలు జరిగాయి. రెండోదాని గురించి రాసినవాళ్లు తక్కువ. చెట్టు దగ్గరో, బట్టీ దగ్గరో, డిపో దగ్గరో సరుకు ఆగితే గొలుసు చివర ఉన్న చిన్న దుకాణదారు ఏమవుతాడన్న ప్రశ్న ఆబ్కారీ లెక్కల్లో కనబడదు. ఆ లెక్కలు ఖజానా వైపు నుంచి రాసినవి.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి నిర్మల్ జిల్లాలోని భైంసా అనువైన చోటు. పత్తి మార్కెట్టుకు పేరున్న ఈ పట్టణం మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంది. కల్యాణ్ వైపు నుంచి వచ్చే 61వ నంబరు జాతీయ రహదారి నాందేడ్, భోకర్ దాటి భైంసా మీదుగానే నిర్మల్‌కు పోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, 1956 దాకా ఈ ప్రాంతం ఆదిలాబాద్ జిల్లాలో లేదు. హైదరాబాద్ రాజ్యంలోని నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలో భాగంగా ఉండేది. భాషల ప్రకారం రాష్ట్రాలను విడదీసినప్పుడు ముధోల్ ఇటు వచ్చింది, కిన్వట్ అటు పోయింది. గీత పడ్డా రాకపోకలు ఆగలేదు. ఇటువాళ్లకు భోకర్‌లో, ధర్మాబాద్‌లో చుట్టాలున్నారు, అటువాళ్లకు భైంసా అంగడి ఉంది. అందువల్ల ఇక్కడ ఒక రాష్ట్రం సరుకు ఆపితే రెండో రాష్ట్రం సరుకు ఎదురొస్తుంది. ఈ వ్యాసంలోని మిగతా విషయం చాలావరకు ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

నిజాం కాలంలో భూమిశిస్తు తరవాత ఖజానాకు పెద్ద రాబడి ఆబ్కారీదే. దివాన్ మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో మొదలై, ఫస్లీ అనే రెవెన్యూ లెక్కలో 1316 నాటి ఆబ్కారీ చట్టం వచ్చేసరికి ఈ వ్యవస్థ గట్టిపడింది. తాటిచెట్టు, ఈతచెట్టు రైతు పట్టా భూమిలో మొలిచినా దాని కల్లుపై హక్కు సర్కారుదే. రైతుకు దక్కేది హక్కె మాలికానా అనే చిన్న భాగం. సర్కారు చెట్లను వేలం వేసేది, గుత్తేదారు పాడుకునేవాడు, ఆ గుత్తేదారు కింద గీత కార్మికులు చెట్లు గీసేవాళ్లు. ఒక్కో చెట్టుకు కట్టే పన్నును రఖం అన్నారు. కల్లు దుకాణపు గుత్తను మామ్లా అన్నారు. ఊరి కల్లు దుకాణం నడిపేవాడు చూడటానికి వ్యాపారిలా ఉన్నా నిజానికి గుత్తేదారు చేతికింది మనిషి. ఎన్ని చెట్లు గీయాలో, కుండ ఎంతకు అమ్మాలో, బాకీ ఎవరికి పెట్టాలో అతను నిర్ణయించుకునేవి కావు. ఉర్దూ దస్తావేజుల్లో సేందిగా కనబడే ఈత కల్లు ఈ జిల్లాల్లో రాబడికి ప్రాణం.

ఆదిలాబాద్ అడవుల్లో కథ వేరు. అక్కడ తాగేది ఇప్ప సారా. వేసవి మొదట్లో రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, కుండల్లో వంచి తీసేది గోండుల ఇంటి పని, దేవుడి పని కూడా. పండుగ అయినా పెళ్లి అయినా అది లేనిదే జరగదు. ఆబ్కారీ చట్టం ఈ ఇంటి వంపకాన్ని నేరం చేసి, లైసెన్సున్న బట్టీ సరుకునే కొనుక్కోవాలంది. చట్టం కాగితం మీద అందరికీ ఒకటే గాని, అడవిలో అది పనిచేసిన తీరు వేరు. పువ్వు ఏరే మనిషి గుత్తేదారుకు పువ్వు అమ్మి, అదే పువ్వు నుంచి దిగిన సారాను అతని దగ్గర కొనుక్కునే స్థితికి వచ్చాడు. సరఫరా కట్టడికి ఇంతకన్నా నిక్కమైన ఉదాహరణ దొరకదు. సరుకు కొరత లేదు, దాన్ని ముట్టుకునే హక్కుకే కొరత. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం అదే పువ్వుతో లడ్డూలు చేస్తోంది. వాటికి రాష్ట్రమంతటా పేరొచ్చింది.

కల్లును మిగతా మద్యంతో కలిపి చూడటం చాలా నివేదికల్లో కనబడే పొరపాటు. సారా, బీరు, విస్కీ గోదాములో ఆగుతాయి. కల్లు ఆగదు. గీత కార్మికుడు తెల్లవారకముందే ముస్తాదు నడుముకు కట్టుకుని, మోకు చెట్టుకు చుట్టి పైకి ఎక్కుతాడు. గెలను లేదా మొవ్వను పల్చగా చెక్కి లొట్టి కడతాడు. దింపిన కల్లు ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది. మరునాటికి పుల్లనీళ్లే. పైగా చెట్టు గీత ఆగితే ఊరకోదు. కోత పెట్టిన చోటు ఎండిపోతే మళ్లీ ధార పట్టడానికి రోజులు పడుతుంది. అందుకే కల్లు దుకాణాన్ని వారం రోజులు మూయమంటే పోయేది వారం రోజుల అమ్మకం మాత్రమే కాదు. సీసాల వ్యాపారి తాళం తీసిన రోజు నుంచి అమ్ముకుంటాడు, కల్లు మనిషి చెట్టును మళ్లీ మచ్చిక చేసుకోవాలి.

ఈ తేడా రాజకీయాల్లో మొదటిసారి పెద్దగా బయటపడింది 1947-48లో. 1947 ఆగస్టులో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు నిజాం రాబడిని దెబ్బతీయడం దాని లక్ష్యాల్లో ఒకటి. లెవీ ధాన్యం ఇవ్వకపోవడం, కరోడ్‌గిరి (సుంకం) నాకాలను ధ్వంసం చేయడం, అడవి చట్టాలను ధిక్కరించడంతో పాటు సేంది చెట్లు నరకడం కూడా ఉద్యమ కార్యక్రమంగా సాగింది. ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో ఇది జోరుగా జరిగింది. గాంధేయుల దృష్టిలో ఒకే గొడ్డలి దెబ్బకు రెండు ఫలితాలు: మద్యం పోతుంది, నిజాం డబ్బు పోతుంది. అప్పటి నాందేడ్ జిల్లా ఈ పోరాటంలో ముందుంది. 1948 జనవరి 30న సరిహద్దు శిబిరాల కార్యకర్తలు ఉమ్రీలో బ్యాంకును కొల్లగొట్టిన ఘటన ఆ చుట్టుపక్కలదే. మరోవైపు భారత ప్రభుత్వం హైదరాబాద్‌పై ఆర్థిక దిగ్బంధం పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచే ధాన్యం, చక్కెర, గుడ్డ, కిరసనాయిలు కంట్రోలులో ఉన్న పల్లెకు ఇది మరో దెబ్బ.

నరికిన ఈతచెట్టు స్థానంలో మరొకటి గీతకు రావడానికి ఏళ్లు పడుతుంది. దాని నష్టం ఖజానాకు కొన్ని నెలలది, గీసేవాడికి ఒక తరానిది. గుత్తేదారు వేరే ఊరి చెట్లు పాడుకోగలడు. వంద చెట్లున్న ఊళ్లో ఇరవై మిగిలితే ఆ ఇరవై మీద ఎన్ని కుటుంబాలు బతకాలన్నది ఉద్యమం అడగలేదు, సర్కారూ అడగలేదు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రల్లో ఈ చెట్ల నరికివేత త్యాగాల జాబితాలో ఉంటుంది. ఎవరి త్యాగమన్నది విడిగా రాయవలసిన విషయం.

యుద్ధకాలపు సరఫరా కట్టడి చిన్న దుకాణాన్ని ఎలా తాకుతుందో తెలిపే ఉదాహరణ ఒకటి ఐర్లాండ్ నుంచి వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, అప్పుడు ఐర్లాండ్‌ను కూడా ఏలుతున్న బ్రిటన్, ఓడల్లో చోటు, బార్లీ గింజ రెండూ ఆదా చేయడానికి బీరు ఉత్పత్తికి కత్తెర వేసింది. 1916లో బీరు ఉత్పత్తి పరిమితి చట్టం వచ్చింది. 1917 వసంతంలో ఏడాదికి కోటి పీపాలకే పరిమితం కావాలన్నారు. యుద్ధానికి ముందు కాచినది మూడున్నర కోట్ల పీపాల పైమాట. బీరు గాఢత తగ్గించారు. పీపాకు 7 షిల్లింగుల 9 పెన్నీలున్న సుంకం 1914 నవంబరులో 23 షిల్లింగులకు, 1918లో 50కి, 1920 నాటికి 100కి ఎక్కింది. పానశాలల వేళలను కట్టడి చేసే కేంద్ర నియంత్రణ మండలి అధికారం ఐర్లాండ్‌కు వర్తించలేదు. గాఢత విషయంలోనూ పార్లమెంటులోని ఐరిష్ సభ్యుల ఒత్తిడితో కొంత సడలింపు దొరికింది. కాని కాచేదే తగ్గినప్పుడు వేళల స్వేచ్ఛ ఉండి ఏం లాభం?

ఇంగ్లండులో చాలా పానశాలలు బీరు కంపెనీలవే. ఐర్లాండులో దుకాణం సొంతదారు చేతిలో ఉండేది. అదొక స్వాతంత్ర్యమే, కాని కొరత రోజుల్లో అదే బలహీనత. కంపెనీకి తన దుకాణాన్ని బతికించుకునే అవసరం ఉంటుంది, ఎవరికో చెందిన దుకాణంపై ఆ బాధ్యత ఉండదు. కేటాయింపు పాత కొనుగోళ్లను బట్టి జరిగితే ఎక్కువ కొన్నవాడికి ఎక్కువే దక్కుతుంది, నాలుగు పీపాలు కొన్నవాడు రెండుకు దిగితే అతని వారం గడవదు. పల్లెల్లో నిలబడ్డవాళ్లు నిలబడింది మరో కారణం చేత. ఐరిష్ పల్లె పానశాలలో ఒక పక్క బల్ల మీద స్టౌట్ పోస్తుంటే రెండో పక్క చక్కెర, తేయాకు, మేకులు, విత్తనాలు అమ్మేవారు. ఒకటి ఆగితే రెండోది ఆదుకునేది. 1925లో నియమించిన మద్యం కమిషన్ లెక్క ప్రకారం కొత్త ఐరిష్ స్వేచ్ఛా రాజ్యంలో లైసెన్సు దుకాణాలు 13 వేలకు పైగా ఉన్నాయి. యుద్ధం వాటిని తుడిచిపెట్టలేకపోయింది. తరవాత 1927 చట్టం పరిహారం ఇచ్చి వాటి సంఖ్య తగ్గించే పద్ధతి పెట్టింది.

రెండో యుద్ధంలో ఐర్లాండ్ తటస్థంగా ఉంది. అయినా రొట్టెకు గోధుమలు లేక, 1942 మార్చిలో బార్లీని మిగుల్చుకోవడానికి బీరు ఎగుమతిని ఆపేసింది. ఉత్తర ఐర్లాండులోని బ్రిటిష్ సైనికులకు గిన్నెస్ అందక గగ్గోలు పుట్టింది. చివరికి గోధుమలకు బదులు బీరు అనే లెక్కన బేరం కుదిరింది. ఒక దేశం చేతిలో బీరు దౌత్యపు సరుకైంది. ఆ బేరంలో డబ్లిన్ వీధి చివరి దుకాణదారుకు చోటు లేదు.

మళ్లీ భైంసాకు వస్తే, 1956 తరవాత ఇక్కడి పరిస్థితిని మార్చింది యుద్ధం కాదు, రాష్ట్రాల సరిహద్దు. నాందేడ్ చేరిన అప్పటి బొంబాయి రాష్ట్రంలో 1949 మద్యనిషేధ చట్టం ఉంది. ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు కాలపు నిషేధం కొనసాగుతోంది. తెలంగాణలో మాత్రం ఆబ్కారీ యథాతథం. తరవాత మహారాష్ట్ర మెత్తబడింది. 1973 దేశీ మద్యం నియమాలతో లైసెన్సు దుకాణాల్లో దేశీదారు అమ్మకం స్థిరపడింది. ఇటు ఆంధ్రప్రదేశ్ 1968లో ప్రాంతాల వారీ పాత చట్టాల స్థానంలో ఒకే ఎక్సైజ్ చట్టం తెచ్చింది. కాంట్రాక్టర్లు వేలంలో సారా దుకాణాలు పాడుకున్నారు. 1980ల మధ్యలో వారుణి వాహిని పేరుతో సారాను ప్రభుత్వమే ప్యాకెట్లలో నింపి ఇవ్వడం మొదలైంది. అప్పటిదాకా సారా దుకాణం అంటే ఒక చోటు, ఒక మనిషి. ప్యాకెట్టు రాగానే చోటు అక్కరలేకపోయింది. సంచిలో వేసుకుని తండాకు, చేనుకు, కూలీల అడ్డాకు తీసుకుపోయి అమ్మవచ్చు. చిన్న అమ్మకందారు అనే మాటకు అర్థం మారింది ఇక్కడే: లైసెన్సుదారు కాంట్రాక్టరు, అమ్మేవాడు కమీషను మనిషి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాజుకున్న ఉద్యమం ఈ వ్యవస్థను కూల్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. సారా తిరిగి రాలేదు, దాని స్థానంలోకి చవక బ్రాండ్ల విస్కీ, బ్రాందీ వచ్చాయి. కల్లును ఆ నిషేధం ముట్టుకోలేదు. ఉద్యమం గెలుపు గురించి ఇక్కడ చర్చ అనవసరం. తాగుడుతో ఛిద్రమైన కుటుంబాలకు అది నిజమైన ఊరట. సరఫరా వైపు నుంచి చూస్తే మాత్రం సరిహద్దు మండలాల్లో జరిగింది నెల్లూరులో జరిగినదానికి భిన్నం. నెల్లూరు పల్లెకు పక్క ఊళ్లో చట్టబద్ధమైన చవక మద్యం లేదు. తానూరు, కుభీర్, ముధోల్, బాసర వైపు పల్లెలకు ఉంది. సైకిలు మీద పోయి రాగలిగిన దూరంలో సంత్రా వాసన కొట్టే దేశీదారు సీసా అధికారికంగానే అమ్ముతున్నారు.

దేశీదారు ఇప్పటికీ ఇక్కడి ఎక్సైజ్ సిబ్బందికి నిత్యం చేతికి తగిలే కేసు. చిన్న సీసాలు, తక్కువ ధర, మోసుకు రావడం తేలిక. తెలంగాణలో క్వార్టరు ధర పెరిగిన ప్రతిసారీ అటు సీసాకు ఇటు గిరాకీ పెరుగుతుంది. దీని దెబ్బ ముందుగా తగిలేది పెద్ద వైన్ షాపుకు కాదు. దాని కొనుగోలుదారులు వేరు. తగిలేది కల్లు దుకాణానికి. చవకలో తాగే కూలీ రెంటిలో ఒకదాన్ని ఎంచుకుంటాడు. పొద్దున దిగి సాయంత్రానికి పులిసే కల్లు, ఎన్నాళ్లయినా చెడని సీసాతో పోటీ పడలేదు.

సరిహద్దు మద్యం ఎప్పుడూ ఒకే దిక్కుకు ప్రవహించదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి నిషేధం ఉంది. 2015 ఏప్రిల్ 1 నుంచి మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోనూ నిషేధం పెట్టింది. అంతే, ఆసిఫాబాద్, సిర్పూర్ వైపు గాలి మళ్లింది. అప్పటిదాకా అటునుంచి ఇటు వచ్చిన సరుకు, ఇప్పుడు ఇటునుంచి అటు దాటసాగింది. నాందేడ్ వైపు భైంసా పల్లెల్లోకి దేశీదారు వస్తున్న రోజుల్లోనే, అదే పాత ఆదిలాబాద్ జిల్లా తూర్పు కొస నుంచి తెలంగాణ సీసా చంద్రపూర్‌కు పోయింది. 2021లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఆరేళ్లపాటు సరిహద్దు దుకాణాలకు కలిసొచ్చిన బేరం ఒక్క మంత్రివర్గ నిర్ణయంతో పోయింది. పొరుగు రాష్ట్ర నిషేధాన్ని నమ్ముకుని పెట్టుబడి పెట్టడం ఎంత నిలకడలేని పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలంగాణ ఏర్పడ్డాక మొదటి పెద్ద కట్టడి దొంగచాటుగా కాచే నాటుసారా, అంటే గుడుంబాపై వచ్చింది. 2015లో ప్రభుత్వం గుడుంబాను అణచడానికి పూనుకుంది. చవక మద్యం దుకాణాలు పెట్టాలన్న ఆలోచన అదే ఏడాది మహిళల వ్యతిరేకతతో వెనక్కి పోయింది. గుడుంబాను ఆపాలంటే బట్టీలు పగలగొడితే చాలదు, నల్లబెల్లం, పటిక అమ్మకాన్ని బిగించాలి. దాంతో కిరాణం వ్యాపారి కూడా ఆబ్కారీ కంటిలో పడ్డాడు. గుడుంబా మానేసిన కుటుంబానికి 2 లక్షల రూపాయల పునరావాస సాయం ప్రకటించారు. గేదెలు, ఆటోలు, చిన్న దుకాణాలు ఆ సొమ్ముతో వచ్చినవే. సరుకు ఆపి, అమ్మేవాడికి బదులు బతుకు చూపిన సందర్భం ఈ సుదీర్ఘ చరిత్రలో అరుదు. అందుకే దీన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

కల్లు విషయంలో అదే ఏడాది మరో నిజం బయటపడింది. పట్టణాల్లో గిరాకీకి సరిపడా చెట్లు లేవు. ఆ లోటును కొన్ని దుకాణాలు నీళ్లతో, శాకరిన్‌తో, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులతో పూడ్చుతూ వచ్చాయి. దాడులు ముమ్మరమై మందు కలపని కల్లు అమ్మేసరికి, నిజామాబాద్ తదితర జిల్లాల్లో వందలమంది వింత ప్రవర్తనతో, వణుకుతో ఆసుపత్రుల్లో చేరారు. అది కల్లు దొరకక వచ్చిన బాధ కాదు, మందు దొరకక వచ్చినది. దీని మచ్చ పడింది చెట్టెక్కి నిజంగా గీసేవాడి మీద. గీసే వానికే చెట్టు అనే పథకం కింద లైసెన్సు తీసుకున్న ఒంటరి గీత కార్మికుడికి, మందు కలిపే డిపోకు తేడా కొనేవాడికి తెలియదు. చెట్టు పన్ను ఎత్తివేత, హరితహారంలో ఈత మొక్కలు నాటడం లాంటి మేళ్లు జరిగాయి గాని, నాటిన ఈత గీతకు రావడానికి పట్టే కాలం ఒక ప్రభుత్వపు పదవీకాలం కన్నా ఎక్కువ.

సీసా మద్యం గొలుసు ఇప్పుడు పూర్తిగా వేరు. ఉత్పత్తిదారు సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మాలి. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పద్ధతి రాష్ట్ర విభజన తరవాత తెలంగాణ కార్పొరేషన్‌కు వచ్చింది. దుకాణదారు డబ్బు ముందు కట్టి, ఇండెంటు పెట్టి, డిపో నుంచి సరుకు ఎత్తుకోవాలి. సిండికేట్ల గొడవ తరవాత 2012లో వేలం పోయి లాటరీ వచ్చింది. లైసెన్సు రుసుము జనాభాను బట్టి: 2021 నుంచి ఐదు వేల లోపు జనాభాకు ఏడాదికి 50 లక్షలు మొదలుకొని, ఇరవై లక్షలు దాటిన చోట కోటీ 10 లక్షల దాకా. రాష్ట్రంలో 2,620 దుకాణాలు. అమ్మకపు ధర కార్పొరేషన్ నిర్ణయించినదే. అంటే దుకాణదారు చేతిలో ధర లేదు, సరుకు లేదు, బ్రాండు లేదు. ఉన్నది రుసుము కట్టే గడువు మాత్రమే.

ఇంత రుసుము కట్టినవాడు చిన్న వ్యాపారి కాడు. భైంసా చుట్టూ పల్లెల్లో నిజమైన చిన్న అమ్మకందారు బెల్టు షాపువాడు. అతనికి లైసెన్సు లేదు. చట్టం ముందు అతను నేరస్తుడు, ఊరి ముందు కిరాణం కొట్టువాడు. బియ్యం, ఉప్పు, సబ్బుల వెనక అరలో నాలుగు క్వార్టర్లు, వేసవిలో ఐసు డబ్బాలో ఆరు బీర్లు. వైన్ షాపు ధర మీద పదో ఇరవయ్యో వేసుకుంటాడు. ఐరిష్ పల్లెలో స్టౌట్, తేయాకు పక్కపక్కన అమ్మిన దుకాణం లాంటిదే ఇదీ, లైసెన్సు లేకపోవడం ఒక్కటే తేడా. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో దీనిపై మరో అధికారం ఉంది: గ్రామాభివృద్ధి కమిటీ. ఊళ్లో బెల్టు షాపు నడిపే హక్కును చాలాచోట్ల కమిటీలే వేలం వేస్తాయి. ఆ డబ్బు గుడికో, బోరుకో పోతుంది. కల్లు ధర విషయంలో గౌడ కుటుంబాలతో కమిటీలకు తగవులు వచ్చి, సాంఘిక బహిష్కరణ దాకా పోయిన ఘటనలు ఈ జిల్లాల వార్తల్లో కొత్తవి కావు. నిజాం కాలపు మామ్లా రద్దయిందనుకుంటే అది ఊరి పెద్దల చేతుల్లోకి మారింది.

2020 లాక్‌డౌన్ ఈ అంచెలన్నిటినీ ఒకేసారి పరీక్షించింది. మార్చి ఆఖరి వారం నుంచి మే 6 దాకా రాష్ట్రంలో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. తెరిచిన రోజున ధర 16 శాతం, చవక మద్యంపై 11 శాతం పెరిగింది. బార్లు సెప్టెంబరు దాకా తెరవలేదు. ఆ ఆరు వారాల్లో లైసెన్సుదారు అమ్మకం పోగొట్టుకున్నాడు గాని సరుకు చెడలేదు. బెల్టు షాపువాడి దగ్గర మిగిలిన కాస్త సరుకు బంగారమైంది, తరవాత ఖాళీ. గుడుంబా వాసన మళ్లీ తండాల్లో లేచింది. పునరావాసం తీసుకుని మానేసిన పని, కూలీ లేని రోజుల్లో మళ్లీ చేతికి వచ్చింది. తిరిగి తెరిచినప్పుడు పెంచిన ధర సరిహద్దుకు అటువైపు సీసాకు మరోసారి సాయపడింది.

బీరు కొరత ఇటీవలి అధ్యాయం. కాస్త నవ్వు పుట్టించేది కూడా. 2023లో జగిత్యాలలో ఒకాయన తనకు కావలసిన బ్రాండు బీరు దుకాణాల్లో దొరకడం లేదని ప్రజావాణిలో అర్జీ పెట్టుకున్నాడు. 2024 వేసవిలో మంచిర్యాల నుంచి ఎక్సైజ్ అధికారులకు అలాంటి విన్నపమే అందింది. పత్రికలు వీటిని వింతగా అచ్చేశాయి గాని ఆ వేసవి కొరత నిజం. ఎండలకు గిరాకీ పెరిగింది, కార్పొరేషన్ నుంచి కంపెనీలకు రావలసిన బకాయిలు పేరుకుపోయాయి. ఆ తరవాత 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ తయారీదారు యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తున్నట్లు ప్రకటించింది. 2019-20 తరవాత మూల ధర సవరించలేదన్నది, బకాయిలు చెల్లించలేదన్నది దాని వాదన. కంపెనీ 33.1 శాతం పెంపు కోరుతోందని, ఒత్తిడికి లొంగేది లేదని ప్రభుత్వం అంది. అప్పటికి రాష్ట్ర బీరు మార్కెట్టులో దాదాపు 70 శాతం ఆ ఒక్క సంస్థ చేతిలో ఉంది. జనవరి 20న సరఫరా తిరిగి మొదలైంది. ఫిబ్రవరి 11 నుంచి బీరు ధర 15 శాతం పెరిగింది.

ఈ పన్నెండు రోజుల తగవును కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య బేరంగా రాశారు, అది సరైనదే. 1942లో గోధుమకు బీరు బేరం కూడా అలాంటిదే. గొలుసు కింది అంచెలో దాని లెక్క వేరు. డిపోలో ఉన్న సరుకును పంచాల్సి వచ్చినప్పుడు పట్టణ దుకాణం ముందు తన కౌంటరు చూసుకుంటుంది, మిగిలితే పల్లెకు వదులుతుంది. పన్నెండు సీసాల పెట్టె పల్లె చేరేసరికి దాని మీద మరో మనిషి కమీషను ఎక్కుతుంది. ధర 15 శాతం పెరిగినప్పుడు లైసెన్సుదారుకు శాతం లెక్కన లాభం కూడా పెరుగుతుంది. బెల్టు షాపువాడి పదో ఇరవయ్యో మాత్రం పెరగదు, ఎందుకంటే ఊళ్లో కొనేవాడు అంతకుమించి ఇవ్వడు. పెట్టుబడి పెరిగి, మిగులు అలాగే ఉంటుంది.

కొరత రోజుల్లో కల్లుకు కొంత మేలు జరగాలి. వేసవి తాటి కల్లు కాలం, బీరు లేకపోతే జనం కల్లు మండువాకు మళ్లాలి. కొంతవరకు మళ్లుతారు కూడా. అయితే గీసే చెయ్యి తగ్గింది. గౌడ కుటుంబాల్లో చదువుకున్న పిల్లలు చెట్టెక్కడం లేదు. చెట్టు మీది నుంచి పడి చనిపోయినవాళ్ల, నడుం విరిగి మంచాన పడ్డవాళ్ల కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఉన్న చెట్లను కూడా పూర్తిగా గీసేవాళ్లు లేనప్పుడు బీరు ఆగినా కల్లు దిగుబడి పెరగదు. ఆ ఖాళీలోకి వచ్చేది మళ్లీ దేశీదారే.

2021 విధానం దుకాణాల కేటాయింపులో గౌడలకు 15 శాతం, షెడ్యూల్డు కులాలకు 10, షెడ్యూల్డు తెగలకు 5 శాతం రిజర్వేషన్ పెట్టింది. గీత వృత్తివాళ్లకు సీసాల వ్యాపారంలో వాటా ఇవ్వాలన్న ఆలోచన సబబే. కాని లాటరీలో పాల్గొనడానికే 2023లో 2 లక్షలు తిరిగి రాని దరఖాస్తు రుసుము కట్టాలి. ఆ ఏడాది లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చి, ప్రభుత్వానికి ఒక్క సీసా అమ్మకుండానే 2,600 కోట్లకు పైగా చేరాయి. 2025 డిసెంబరు 1 నుంచి రెండేళ్లకు ఇచ్చిన లైసెన్సులకు దరఖాస్తు రుసుము 3 లక్షలకు పెరిగింది. ఊళ్లో కల్లు మండువా నడుపుకునే మనిషి పేరున దుకాణం వచ్చిందంటే, దరఖాస్తుకు, మొదటి వాయిదాకు డబ్బు పెట్టిన మరొకరు ఎక్కువసార్లు వెనక ఉంటారు. లైసెన్సు కాగితం మీద పేరు ఒకరిది, డిపోకు ఇండెంటు కట్టేది మరొకరు.